గోడకెక్కిన దొంగ

మొన్న ఆదివారం, పొద్దుగాల పదకొండు గంటలకు, జ్యోతినగర్ పక్కన నా అల్లుడు కట్టిన కొత్తింట్ల పాలు పొంగిచ్చినంక, హాలు గోడకు నా పుస్తకంల కాయిదం కనపడ్డది. అద్దం వేసి, బంగారు రంగు ఫ్రేము బిగించి, అద్దం నడుమ బొట్టు పెట్టి, మీద బంతిపూల దండ వేసిన్రు.

ఆ బొమ్మ దేవునిది కాదు, దొంగది. రాజు కిరీటం ఎత్తుకపోయి, తన నెత్తిన పెట్టుకొని, గుర్రం మీద ఉరుకుతున్న దొంగ. ఆ సంగతి బొమ్మ కింద అచ్చేసి ఉండె. ఫ్రేము కట్టినాయన కొలతకు సరిపోలేదని కింది ముక్క కోసేసిండు. కిరీటం చూసి మా వియ్యపురాలు దేవుడే అనుకున్నది. మా దిక్కు ఫ్రేముల ఎక్కిన బొమ్మ దేవుడన్నా అయితది, పోయిన పెద్దమనిషన్నా అయితది. ఇద్దరికీ బొట్టు పెడతరు.

నేను బొగ్గుబాయిల పని చేసినోన్ని. యాభై దాటినంక అక్షరాలు దిద్దిన. మా పాత కాలనీ ఓపెన్ కాస్టు గని తవ్వకం కింద పోయినప్పుడు అక్కడి లైబ్రరీ కూడ కూలగొట్టిన్రు. దాన్ని చూసుకునేటాయన, చిత్తుకాయిదాల బేరగాని పాలు చేసుడెందుకు కాకా అని ఈ పుస్తకం నా చేతుల పెట్టిండు. పాత కథల పుస్తకం. అట్ట లేదు, పేరున్న మొదటి కాయిదమూ లేదు. గని ప్రతి పేజీ చుట్టూ తీగెలు, మూలమూలకు చిలుకలు. కథల మొదటి అక్షరం అరచెయ్యంత ఉంటది. దాని కడుపుల చిన్న ఇల్లు, ఇంటి ముందట ఆవు. రంగులు గీత దాటి జరిగినయి, చిలుక పచ్చదనం కొంత ఆకాశంల పడ్డది. అయినా ఇప్పటి నున్నటి బొమ్మలకు ఆ పానం లేదు. ఎవరో మనిషి కూసోని, కండ్లు గుంజంగ గీసిన గీతలవి.

నా ఇంటామెకు చదువు రాదు. పగటి అన్నం తిన్నంక నేను చదువుత, ఆమె బొమ్మలు చూసుకుంట వింటది. కూడబలుక్కుంట చదివేటోన్ని, రోజుకు పేజీ దాటది. దొంగ కథ సగంల ఉండంగ అల్లుడొచ్చి, దోస్తుకు చూపిస్తనని పుస్తకం తీస్కపోయిండు. తిరిగొచ్చినంక చూస్తే ఆ బొమ్మ కాయిదం లేదు. ఊడి పడ్డదేమోనని పెట్టెలన్ని ఎతికిన. కథ ఆఖరి ముక్క ఆ బొమ్మ కాయిదం వెనకనే అచ్చై ఉన్నది. దొంగ దొరికిండా లేదా అని ఆమె అప్పటిసంది అడుగుతనే ఉన్నది. నేనే చదవలే, ఏమని చెప్పాలె?

అల్లుడేమో ఆ గోడ చూపెట్టి చుట్టాలకు యాంటిక్ అంటున్నడు. పక్కన, మేం బొగ్గు మోసిన తట్టకు బంగారు రంగు పూసి, బోర్లిచ్చి, లోపల బల్బు పెట్టిండు. నెత్తి మీద వెంట్రుకలు ఊడగొట్టిన తట్ట అది. దాని కింద నిలబడి ఫొటోలు దిగుతున్నరు.

"నా పుస్తకం కోసినవా అల్లుడా?"

"ఒక్క కాయిదమే గద మామా. పెట్టెల ఉంటే చెదలు తింటుండె."

"చెదలకు చదువు రాదు. నీకు వచ్చు."

కాళ్లు కడిగి పిల్లనిచ్చిన అల్లుణ్ని నలుగుర్ల ఒక మాట అనొద్దని మా దగ్గర కట్టుబాటు. నా బిడ్డ కండ్లతోనే వద్దంటున్నది. తలుపు పక్కన నా ఇంటామె నిలబడ్డది. అల్లుని ముందట ఎన్నడూ గొంతెత్తని మనిషి.

"వెనకకు తిప్పి చదువు. వాడు ఏమైండో చెప్పు" అన్నది.

ఫ్రేము దింపిన. దండేసింది దింపితే అపశకునమన్నా అని వియ్యపురాలు అడ్డమొచ్చింది. దొంగకు మొక్కినవు చెల్లె, అంతకంటే అపశకునమేముంటది అన్న. వెనక మేకులు పీకి చూస్తే కాయిదాన్ని మైదా గంజితోటి అట్టకు అంటించిన్రు. అక్షరం ఒక్కటి కనపడది. నానబెట్టాలె, వేరే తొవ్వ లేదు. బొమ్మ ఖరాబైతది, కథ ఫోన్ల ఎతికిస్త అన్నడు అల్లుడు. పేరే లేని పుస్తకాన్ని ఏమని ఎతుకుతడు? నా బిడ్డ లోపలికి పోయి తాంబాళంల నీళ్లు తెచ్చింది.

గుర్రం మెడకాడ చినిగింది. వెనక పై సగం మిగిలింది, కింది సగం గంజిల కలిసిపోయింది. తడి కాయిదాన్ని రెండు చేతులల్ల పట్టుకొని చదివిన. దొంగ ఏటి ఒడ్డుకు వచ్చిండు. ఆవలి ఒడ్డున భటులు కనపడ్డరు. కిరీటం తీసి నీళ్లల్ల ఇసిరిండు. గుర్రం దిగి... ఆ తర్వాత తెల్లటి పిండి.

"ఇంక లేదు" అన్న.

ఆమె ఇంకా వింటున్నట్టే నిలబడి, అల్లుని మొఖం దిక్కు చూసింది. ఆయన తల దించుకున్నడు గని తప్పైందనలే. ఇప్పటిదాక అనలే.

ఆ కథకు అంతు లేకుండ పోయిననాడు అక్కడున్నోళ్లు: నేను, నా ఇంటామె, మా బిడ్డ, అల్లుడు, వియ్యపురాలు, పూజ చేసిన అయ్యగారు, అల్లుని తోటి పనిచేసే ఇద్దరు ఇంజనీర్లు, బువ్వకు పిలిస్తే వచ్చిన ఫ్రేముల దుకాణపాయన.