తెనాలి నుంచి నిజాంపట్నానికి బస్సులో వెళ్ళిన సాఫ్ట్‌వేరు

సాఫ్ట్‌వేరు అంటే తీగల్లో పరుగెత్తే సరుకనీ, తెనాలిలో బటన్ నొక్కితే అమెరికాలో దిగుతుందనీ మా వీధిలో అందరికీ నమ్మకం. పెద్ద కంపెనీల సంగతి అలాగే ఉంటుందేమో. నేను మాత్రం మా సాఫ్ట్‌వేరుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని రైలెక్కి, బస్సులెక్కి, చివరికి చేపలమ్మే ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని ఆటోలో కూడా తిరిగాను. ఎవరైనా అదే దారిలో వెళ్ళేవాళ్ళుంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

తెనాలిలో మా ఆఫీసు ఒక మందుల షాపు పైన రెండు గదులు. చేపల వేలంలో బిల్లులు కొట్టే జావా ప్రోగ్రాం అక్కడే రాశాం. మా భాషలో రాసే చోటు డెవలప్‌మెంట్, సరిచూసుకునే చోటు టెస్ట్, జనం నిజంగా వాడే చోటు ప్రొడక్షన్. అందరికీ ఈ మూడూ ఒకే తెర మీద ఉంటాయి. మాకు మాత్రం డెవలప్‌మెంట్ తెనాలిలో, టెస్ట్ బాపట్లలోని పడవల సంఘాల సమాఖ్య ఆఫీసులో, ప్రొడక్షన్ నిజాంపట్నం హార్బర్‌లో పడవల యజమానుల సంఘం గదిలో. ఆ గదిలో కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలపడానికి సంఘం వాళ్ళు చచ్చినా ఒప్పుకోరు. మా లెక్కలు మా గది దాటకూడదంటారు. అందుకని పెన్‌డ్రైవూ, నేనూ.

ఈ ప్రయాణానికి అంత తొందరేమిటంటే, నాగమణి. సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్. చీరాల దగ్గర నేతపని చేసుకునే వాళ్ళ పిల్ల, పెళ్ళై రేపల్లె వచ్చింది. చేతిబిల్లులు మానేసి వేలం దగ్గరే చీటీ అచ్చువేద్దామని మీటింగులో పట్టుబట్టింది తనే. సంఘం అధ్యక్షుడు పోలయ్య గారికి అది ససేమిరా ఇష్టం లేదు. చివరికి ఆయనన్న మాట నాగమణి నాకు ఫోన్‌లో చెప్పింది. "ఒక్క వేలం చూస్తారంటక్కా. తేడా వస్తే మళ్ళీ చేతిబిల్లులేనంట. చేతిబిల్లులకి కంప్యూటర్ అమ్మాయెందుకూ అన్నారు." వేట నిషేధం అయిపోయి పడవలు కడలిలోకి వెళ్ళాయి. మొదటి పడవలు మర్నాడు తెల్లవారుజామున వస్తున్నాయని కబురు. వెంటనే బయల్దేరాను.

పొద్దున ఏడు దాటాక తెనాలి స్టేషన్లో చీరాల వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఎక్కండి, బాపట్లలో దిగాక టిఫిన్ దొరికేసరికి ఆలస్యమవుతుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నన్నూ నా బ్యాగునీ మార్చి మార్చి చూసి, "ఏం వ్యాపారమమ్మా?" అన్నాడు.

"సాఫ్ట్‌వేర్ పట్టుకెళ్తున్నానండి."

"ఏదీ, బ్యాగులోనా? కాస్త చూపించు" అన్నాడు. పెన్‌డ్రైవు తీసి చూపించాను. ఆయన దాన్ని వేళ్ళమధ్య తిప్పి చూసి, "ఇంత దానికి నువ్వెందుకమ్మా, కొరియర్లో పడేస్తే పోయేదిగా" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కాస్త మండింది. నా ఆరు నెలల చాకిరీ కదా అది.

బాపట్లలో పని నల్లేరు మీద నడకలా సాగింది. సమాఖ్య ఆఫీసులో పాత ప్రోగ్రాం ఆపి, దాని కాపీ పక్కన దాచి, కొత్తది ఎక్కించి, సర్వర్ మళ్ళీ మొదలుపెట్టాను. పదకొండు గంటలకి అక్కడి అకౌంటెంట్ గారు ఉత్తుత్తి వేలం పాడారు. రొయ్యలన్నారు, పీతలన్నారు, వంజరం అన్నారు. చీటీలు గడగడా వచ్చాయి. బరువు సరే, ధర సరే, తేదీ సరే. "బ్రహ్మాండంగా ఉందమ్మా, హార్బర్‌కి తీసుకెళ్ళిపో" అని మజ్జిగ తెప్పించి మరీ పంపించారు. ఆ ఎండలో ఆ మజ్జిగకి ఆయన్ని ఎంత తలుచుకున్నా తక్కువే.

భోజనం చేసి చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళే బస్సెక్కాను. సీటు దొరకలేదు. బట్టల మూటతో కూర్చున్న వ్యాపారి ఒకాయన నేను ల్యాప్‌టాప్ బ్యాగుని గుండెకి హత్తుకుని నిలబడ్డం చూసి, "ఇటివ్వమ్మా, నా మూట మీద పెట్టుకుంటాను. మెత్తగా ఉంటుంది" అన్నాడు. చెరుకుపల్లి దాకా దాన్ని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. దిగేటప్పుడు తన సీటు నాకిప్పించి, ఇంకెవరూ కూర్చోకుండా కండక్టర్‌కి కూడా చెప్పి దిగాడు. పేరైనా అడగలేదు నేను. రెండు వైపులా నారుమళ్ళు, కాలవ గట్టున ఎండుతున్న బట్టలు చూస్తూ రేపల్లె చేరాను.

రేపల్లె బస్టాండులో నాగమణి కనిపెట్టుకుని ఉంది. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది గానీ మాట మాత్రం గట్టిది. ఇద్దరం నిజాంపట్నం బస్సెక్కాం. సాయంత్రం ఆరింటికల్లా సంఘం గదిలో కొత్త ప్రోగ్రాం ఎక్కించేశాను. ఒక్క చీటీ కొట్టి చూశాం. తేదీతో సహా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పోలయ్య గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అరవై దాటిన మనిషి, ఎండకి నల్లబడిన ఒళ్ళు, మీసం మాత్రం తెల్లగా.

"ఏంటమ్మా, పన్జేస్తదా?" అన్నారు.

"చేస్తుందండి."

"చూద్దాం" అనేసి వెళ్ళిపోయారు. ఆ ఒక్క ముక్కకి నాకు ఒళ్ళు మండింది. నాగమణి నా చెయ్యి నొక్కి, "ఆయనంతేలే అక్కా, రండి" అంది.

ఆ రాత్రి బస రేపల్లెలో నాగమణి వాళ్ళింట్లో. లాడ్జి మాట ఎత్తితే వాళ్ళత్తగారు కొట్టినంత పని చేశారు. గోంగూర పప్పు, వడియాలు పెట్టి, ఫ్యాను కింద మంచం నాకిచ్చి తను కింద పడుకున్నారు. అంతటి పెద్దావిడ నా కోసం నేలమీద పడుకుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. అయినా ఆవిడ వినలేదు.

తెల్లవారుజామున మొదటి బస్సుని నమ్ముకుంటే వేలం అయిపోతుంది. చేపలు కొనుక్కోడానికి వెళ్ళే ఆడవాళ్ళ షేర్ ఆటో ఒకటి ఉంటుంది, దాన్నే పట్టుకోవాలి. ఖాళీ గంపల మధ్య మమ్మల్ని కుక్కారు. "ఈవిడెవరే మణీ?" అని ఒకామె అడిగింది. "బిల్లుల మిషను చేసిన అక్కే" అంది నాగమణి. "అయితే అక్కా, మా బిల్లు కాస్త తగ్గించి కొట్టవే" అని ఆవిడ నా మోకాలి మీద చరిచింది. హార్బర్ చేరేదాకా అదే వేళాకోళం.

రెండు పడవలు కట్టేసి ఉన్నాయి. సంఘం గది ముందే లైట్ల కింద గంపలు వరసగా పెట్టారు. వేలం పాట మొదలైంది. పాట ఎవరికి ఆగితే వాళ్ళ పేరు, బరువు, ధర నాగమణి కొట్టడం, చీటీ రావడం, దాన్ని ఐసు పెట్టెకి అంటించడం. నాలుగైదు గంపలు చకచకా వెళ్ళిపోయాయి. అమ్మయ్య అనుకున్నాను.

అప్పుడే లారీ వైపు నుంచి ఒక కొనుగోలుదారు చీటీ పట్టుకుని వచ్చాడు. "ఏంటండీ ఇది? నిన్నటి తేదీ ఏశారు. పట్నంలో మార్కెట్టోళ్ళు ముందు తేదీయే చూస్తారు. నిన్నటి చేప అంటారు. సగం రేటుకి అడుగుతారు. నాకొద్దండి ఈ సరుకు."

ఇంకో ఇద్దరు తమ చీటీలు చూసుకున్నారు. అన్నిటి మీదా నిన్నటి తేదీయే. ఇప్పుడే పడవ దిగిన చేప, ఇంకా తోక కొడుతున్న చేప, మా పుణ్యమా అని నిన్నటిదైపోయింది. నాగమణి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పోలయ్య గారు గంపల అవతల నుంచి మా వైపే నడిచి వస్తున్నారు.

"నాగమణీ, ఈ పూటకి చేతిబిల్లులు రాసేద్దాం. తర్వాత నింపాదిగా చూసుకుందాం" అన్నాను. అది జాగ్రత్తపరుడైన ఎవడైనా చెప్పే మాటే.

"వద్దక్కా" అంది. "ఆ పుస్తకం బయటికి తీశామంటే మళ్ళీ లోపల పెట్టరు. నన్ను రేపట్నించి రావద్దంటారు. మీరు చూడండక్కా, మీకు దండం పెడతాను."

గదిలో గోడ గడియారం చూశాను. అయిదవడానికి ఇరవై నిమిషాలుంది. సర్వర్‌ని టైమెంతని అడిగాను. నిన్న రాత్రి పదకొండూ పది అంది! అప్పుడు వెలిగింది. ఆ కంప్యూటర్‌ని ఎవరు సిద్ధం చేశారో గానీ లండన్ గడియారం మీద వదిలేశారు. మనకంటే అయిదున్నర గంటలు వెనక. బాపట్లలో పగలు పదకొండింటికి చూశాం, ఇక్కడ సాయంత్రం ఆరింటికి చూశాం. ఆ వేళల్లో లండన్లోనూ మన దగ్గరా ఒకటే తేదీ, కాబట్టి తప్పు దొరకలేదు. తెల్లవారుజామున మాత్రమే దొరికే తప్పు అది. చేపల వేలమేమో తెల్లవారుజామునే! పగటిపూట టెస్ట్ చేసి మురిసిపోయిన నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను.

"దొరికిందండీ" అన్నాను పోలయ్య గారితో. "కాకపోతే సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. కాసేపు వేలం ఆపాలి."

చుట్టూ గోల లేచింది. వేలం ఆపడమా! ఐసు కరిగిపోతోంది, లారీలు కదలాలి. ఎవరో "పుస్తకం తియ్యండయ్యా, ఈ మిషను గొడవేంటి పొద్దున్నే" అని అరిచారు. పోలయ్య గారు చీటీ తీసుకుని చూశారు. నాగమణిని చూశారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఆగండెహె" అన్నారాయన. "అమ్మాయి వల చిక్కుపడింది. చిక్కుపడితే వల కోసి పారేస్తామా? విప్పుకోనీయండి. ఒరే, అందరికీ టీ చెప్పండి."

ఆ క్షణాన ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. పెట్టే తీరిక లేదు. జావా మొదలయ్యే చోట, మనది భారతదేశపు కాలం అని చెప్పే ఒక్క వరస చేర్చాను. సర్వర్ ఆపాను, మొదలుపెట్టాను. అది లేచేలోపు వంద దేవుళ్ళకి మొక్కుకున్నాను. నాగమణి చీటీ కొట్టింది. ఇవాళ్టి తేదీ. తప్పు చీటీలన్నీ మళ్ళీ అచ్చువేసి లారీల దగ్గరికి పరుగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఐసు పెట్టెల మీద పాతవి పీకి కొత్తవి అంటించి వచ్చింది. జనం టీ గ్లాసులు కింద పెట్టారు, పాట మళ్ళీ మొదలైంది. ఆఖరి గంప దాకా ఒక్క చీటీ కూడా తేడా రాలేదు.

అంతా అయ్యాక పడవవాళ్ళు పక్కకి తీసిన చేపల కుప్ప దగ్గర చేరి పంచుకుంటున్నారు. పోలయ్య గారు అందులోంచి రెండు పండుగప్ప చేపలు తీసి, కవర్లో వేసి, నాగమణి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నాకేమో టీ ఇచ్చారు. సరే, ఆ టీ కూడా అమృతంలాగే ఉంది.

రేపల్లె బస్సులో నాగమణి ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు కారి చీర తడుస్తున్నా కింద పెట్టలేదు. "చేపలంటే అంత ఇష్టమా?" అని ఆటపట్టించాను.

"ఇష్టమని కాదక్కా" అంది. "దీన్ని కూర అంటారు. వేలానికి పెట్టకముందే తీసి, ఆ రోజు పడవకి పనిచేసినోళ్ళకి మాత్రమే ఇస్తారు. వల లాగినోళ్ళకి, ఐసు కొట్టినోళ్ళకి. ఆఫీసోళ్ళకి ఇవ్వరు. నేను నేతోళ్ళ పిల్లని, నన్ను వాళ్ళలో కలుపుకోరనుకున్నా. చేరి ఏడాదైందక్కా. రోజూ చూస్తన్నా. ఇవాళే నాక్కూడా పెట్టారు." అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఆగలేదు. మా ఇద్దర్నీ చూసి కండక్టర్ టిక్కెట్టు అడక్కుండా ముందుకి వెళ్ళిపోయి, కాసేపాగి మళ్ళీ వచ్చాడు.

రేపల్లె స్టేషన్లో తెనాలి బండి ఖాళీగానే ఉంది, కిటికీ పక్క సీటు దొరికింది. నాగమణి వాళ్ళత్తగారు కట్టిచ్చిన పులిహోర తింటూ, ఈ రెండు రోజుల్లో నాకు మంచి చేసినవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. ఒక చిన్న ఫైలుని ఒక గది నుంచి ఇంకో గదికి చేర్చడానికి ఇంతమంది చేతులు పడ్డాయి. అందులో సగం మందికి నేనేం మోసుకెళ్తున్నానో కూడా తెలియదు.

బండి కదిలాక మా యజమాని ప్రసాద్ గారు ఫోన్ చేశారు. "ప్రొడక్షన్ అయిందా అమ్మా? అంతా బాగుందని సంతకం పెట్టారా?"

"సంతకం పెట్టలేదండి. నాగమణికి కూర పెట్టారు."

"కూరేంటి? నేనడిగేది సంతకం."

మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. తేదీ సంగతి, టీ సంగతి, కవరు సంగతి. ఆయన అంతా విన్నారు.

"అయితే ఆ అమ్మాయి ఉంటుందన్నమాట" అన్నారు.

"ఉంటుందండి" అన్నాను.