పెసర్లు వేయాలా, కందులు వేయాలా

1986 ఫిబ్రవరిలో నన్ను నారాయణఖేడ్ ప్రభుత్వ ఆసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఆ హోదా పేరు విని జనం మోసపోతుంటారు. అందులో సర్జన్ అనే మాట ఉంటుందిగాని, జ్వరాలు, తేలుకాట్లు, కుటుంబ నియంత్రణ శిబిరాలు, పోస్టుమార్టాలు అన్నీ ఆ ఒక్క కుర్చీకే వస్తాయి. నేను నిజంగానే సర్జరీలో ఎం.ఎస్. చదివినవాణ్ణి. హెర్నియా కన్నా పెద్దదేదీ నా బల్ల మీదికి రాదని తెలిశాక కొన్నాళ్లు మొహం ముడుచుకుని తిరిగాను. పైగా నాది కృష్ణా జిల్లా. ఇక్కడ పండు ముసలమ్మ నుంచి పాలు పోసేవాడి దాకా అందరూ నన్ను "నువ్వు" అనేవారు. పక్కన "సారూ" చేర్చేవారు లెండి. అయినా చురుక్కుమనేది.

సంగప్ప వచ్చింది ఆ ఎండాకాలం మొదట్లో. కంగ్టి వైపు ఊరు, వానమీద ఆధారపడ్డ కొద్దిపాటి నల్లరేగడి చేను, అక్కడి మాటలో చెలక, నలభై దాటని వయసు. వెంట భార్య తుల్జమ్మ. పిల్లలను ఊళ్లోనే వదిలి వచ్చారు.

"రొట్టె దిగుతలేదు సారూ. ఈడ ఆగుతుంది" అని రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూపించాడు.

ఎప్పటి నుంచి అని అడిగితే తుల్జమ్మ చెప్పింది. దసరా అప్పుడు జొన్నరొట్టె ఒక్కటే ఆగేదట. తర్వాత పప్పులో నానేసినా ఆగింది. ఇప్పుడు అంబలి కూడా గుటక గుటకకూ నీళ్లు తాగితేగాని పోవడం లేదు. ఆమె అతని మొలతాడు పట్టి చూపించింది. రెండుసార్లు ముడి బిగించినా జారుతోంది. గట్టి పదార్థం ముందు, మెత్తనిది తర్వాత, చివరకు నీరు, ఈ వరసలో గొంతు మూతపడుతూ వచ్చిందంటే ఏ వైద్యుడైనా ముందు ఒకటే అనుమానిస్తాడు. హైదరాబాద్ పంపి బేరియం ఎక్స్‌రే తీయించాను. తెల్లటి ద్రవం మింగించి ఛాతీకి ఫోటో తీస్తారు. ఆహారనాళం ఉన్నట్టుండి సన్నబడి గరుకుగా కిందికి సాగింది. దాన్ని మేము ఎలుకతోక అంటాం. ముక్క తీసి పరీక్షిస్తే కేన్సరని తేలింది.

అక్కడ, నేను చదువుకున్న పెద్దాసుపత్రిలోనే ఆపరేషన్‌కు పెట్టారు. సెలవు పెట్టి వెళ్లి, మా ప్రొఫెసర్‌ను బతిమాలి రెండో సహాయకుడిగా నిలబడ్డాను. పని పెద్దది. ముందు పొట్ట తెరిచి జీర్ణాశయాన్ని విడదీసి గొట్టంలా మలుస్తారు. తర్వాత కుడి పక్క ఛాతీ తెరిచి, రోగమున్న నాళాన్ని కోసి తీసేసి, ఆ గొట్టాన్ని పైకి లాగి మిగిలిన నాళానికి కుడతారు. ఆ కుట్టు గట్టిపడేదాకా నోటి ద్వారా చుక్క నీరు ఇవ్వకూడదు. పేగులోకి వేసిన ట్యూబు గుండా పోషణ.

కుట్టు నిలిచింది. సంగప్ప నిలిచాడు. కాని రొట్టె మీద అతని బెంగ చూడాలి. వార్డులో పక్క మంచాలవాళ్లందరికీ తుల్జమ్మ రొట్టె ఎలా కొడుతుందో చెప్పేవాడు.

"పీట మీద చెయ్యి పడ్తదిగద సారూ, పటపట. ఆ సప్పుడు ఇంటె సాలు. తినేదాంక ఆగబుద్ధి గాదు."

తుల్జమ్మ సిగ్గుపడి, "రొట్టె యాది తప్ప పెండ్లాం యాది లేదు ఈయనకు" అనేది. నవ్వుతూనే పక్కకు తిరిగి కళ్లు తుడుచుకునేది.

కోసి తీసిన ముక్క మీద రిపోర్టు వచ్చినరోజు ప్రొఫెసర్ నన్ను గదిలోకి పిలిచారు. ఈ జబ్బులో ఆపరేషన్ తర్వాత మనిషి ఎంతకాలం ఉంటాడన్నది ప్రధానంగా మూడు సంగతుల మీద అంచనా వేసేవాళ్లం. పుండు నాళం గోడను దాటిందా, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులకు పాకిందా, కత్తి పెట్టేనాటికే మనిషి ఎంత చిక్కిపోయాడు. సంగప్ప విషయంలో మూడూ ఎదురు తిరిగాయి. గోడ దాటింది, గ్రంథుల్లో ఉంది, మొలతాడు సంగతి ముందే చెప్పాను. అలాంటివాళ్లలో ఎక్కువమంది ఏడాది చూడరని, కొందరు మాత్రం మా లెక్కలన్నీ తప్పించి ఏళ్ల తరబడి తిరుగుతారని, ఇతను ఏ గుంపువాడో చెప్పే పరీక్ష తన దగ్గర లేదని ఆయన అన్నారు. ఆపైన, నీ రోగి కదా, నువ్వే చెప్పు అని చేతులు దులుపుకున్నారు. నాకు ఒళ్లు మండింది. పెద్దాయన, ఎదురు చెప్పలేను.

మే నెలాఖరున సంగప్ప గాయం చూపించుకోవడానికి ఖేడ్ వచ్చాడు. తుల్జమ్మ బోరింగు దగ్గరికి నీళ్లకు వెళ్లింది. అతను కుర్చీ ముందుకు జరిగి మెల్లగా అడిగాడు.

"ఒక్క మాట జెప్పు సారూ. ఈ మిరుగానికి పెసర్లేయన్నా, కందులేయన్నా?"

మృగశిర కార్తెను అక్కడ మిరుగం అంటారు, విత్తనాల కాలం. బడిపంతులు కొడుకుని, నాకేం తెలుసు? నేను వ్యవసాయ శాఖ ఆఫీసరును కానయ్యా అన్నాను. మా కాంపౌండర్ జలీల్ భాయ్ కట్టు చుడుతున్నవాడు చెయ్యి ఆపాడు.

"సార్, పెసర శ్రావణం ఆఖరుకు, పొలాల అమాసకు ఇంట్లకొస్తది. కంది అట్ల గాదు. వానలు పోయి, సలి ముదిరినంక గాని కోతకు రాదు. ఆయన పంట గురించి అడుగుతలేడు."

అప్పటికిగాని నాకు తలకెక్కలేదు. సంగప్ప నా మొహమే చూస్తున్నాడు.

"దీపావళి కాంగనె మా తుల్జమ్మ అన్నదమ్ములు చెరుకు కొట్ట పోతరు సారూ, ఫ్యాక్టరీల దిక్కు" అన్నాడు. "నేను లేకుంటె ఇదిగూడ పిల్లల తోలుకోని ఎంటవడి పోతది. గుడిసెల్ల ఉండాలె, తెల్లారకముందే లేవాలె. ఒక్కతే గా పని జెయ్యలేదు. చెలకల కంది నిలవడి ఉన్నదనుకో, కావలికి ఊర్లనే ఉంటది. కాని కోతకు నేను లేకుంటె అది ఒక్కతే ఏం జేస్తది? అందుకే అడుగుతున్న."

అతనికి కావలసింది ఏళ్ల లెక్క కాదు. తాను ఎక్కడిదాకా చెయ్యి పట్టుకోగలడో తెలిస్తే, భార్యను ఊళ్లో ఆపాలా, వలస పంపాలా అన్నది తేల్చుకుంటాడు. అంత సూటిగా ఆ ప్రశ్న నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ మూడు సంగతులూ మరోసారి మనసులో వేసుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్పాను.

"పెసర్లకు ఉంటావు, సంగప్పా. కందుల సంగతి నేను చెప్పలేను. చెప్పగలిగినవాడు ఎవడూ లేడు."

తుల్జమ్మ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. లోపలికి వచ్చి అతని చేతికి చెంబిచ్చింది.

"రెండు ఏద్దం. ఎప్పటి తీర్గనే, పెసర్ల నడుమ కంది సాలు" అంది. "పెసర్లు నువ్వు జూస్కో. కంది నేను జూస్కుంట."

ఆ యేడు వానలు బాగానే పడ్డాయి. బామ్మర్ది విత్తనాల గొర్రు తోలితే సంగప్ప గట్టు మీద కూర్చుని చూశాడట. పెసరకాయ ఎండాక తాను కూడా కూర్చుని కోశాడు. పొలాల అమావాస్య వెళ్లాక ఒక ఉదయం ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. తుల్జమ్మ మూట విప్పింది. జొన్నరొట్టె, కొత్త పెసరపప్పు. వరండాలో బెంచీ మీద కూర్చుని అతను చిన్న తునకలు చేసి, పప్పులో అద్ది, నమిలి నమిలి మింగాడు. నేను, జలీల్ భాయ్, ఓపీకి వచ్చినవాళ్లు, అందరం పని మానుకుని చూశాం. పావు రొట్టె తిన్నాక చెయ్యి ఆపాడు.

"దిగింది సారూ" అన్నాడు.

నా ఉద్యోగంలో అంత సంతోషం మరెప్పుడూ కలగలేదు. మిగతా రొట్టె నేనే తినేశాను.

చలి మొదలయ్యేసరికి సంగప్ప గొంతు బొంగురుపోయింది. ఎడమ కాలరు ఎముక పైన చెయ్యి పెట్టి చూస్తే గట్టి గ్రంథి తగిలింది. జబ్బు తిరిగి వచ్చిందని దానర్థం. నా వేళ్లు అక్కడ ఆగడం అతను గమనించాడు.

"కంది పూత బాగున్నది సారూ. చెలక మొత్తం పసుపు. ఒకపారి వచ్చి చూడు" అన్నాడు.

వస్తానన్నాను. ఆసుపత్రి జీపు వీలు చేసుకుని కంగ్టి వైపు వెళ్లేసరికి పూత కాయగా మారింది. సంగప్ప అప్పటికే పోయాడు.

తుల్జమ్మ చెరుకుకు పోలేదు. అన్నదమ్ములు పిలిచినా, చెలకలో కంది ఉందని చెప్పి ఆగిపోయింది. కోత, కొట్టడం అయ్యాక ఖేడ్ అంగడికి వచ్చినప్పుడు ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది. మనిషి సగమైంది.

"రొట్టె కొడ్తుంటె ఆయన యాదికొస్తుండు సారూ. సప్పుడు కావద్దని మెల్లగ కొడ్తున్న" అంది.

నాకూ అతని మీద బెంగగానే ఉందని చెప్పాను. ఆమె తలూపింది. వెళ్లబోతూ ఆగి అడిగింది.

"వచ్చే మిరుగానికి ఏం ఏయన్నా సారూ?"

"కంది" అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట.

ఆమె కొంగు సర్దుకుని అంగడి వైపు వెళ్లిపోయింది.

ఆ కంది విత్తకముందే నాకు బదిలీ అయింది. పంట ఇంటికి వచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు. రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్నాను. మృగశిర వచ్చిందంటే నారాయణఖేడ్ మీదికి మనసు లాగుతుంది. ఇక్కడ అందరూ నన్ను "మీరు" అంటారు. ఆ "నువ్వు జెప్పు సారూ" అన్న పిలుపు ఒక్కసారి వినాలనిపిస్తుంది.

తర్వాతి పోస్టింగుల్లో ఎంతకాలం ఉంటానని అడిగిన రోగికి నేను వెంటనే కాలం చెప్పలేదు. చేతిలో ఏం పని పెట్టుకున్నావని ముందు అడిగేవాణ్ణి. ఆ పని దేనిదాకా వస్తుందో, దాన్ని అందుకోవడానికి పక్కన ఎవరున్నారో తెలుసుకున్నాక, నాకు తెలిసినంతవరకే జవాబు చెప్పేవాణ్ణి.