వెంకటప్పయ్య అంగారక సంచిక

1943లో బెజవాడలో గ్రహాల మీద మనుషులుంటారా అని తలలు బద్దలు కొట్టుకునేవాళ్లం ఎనిమిదిమందిమి ఉండేవాళ్లం. అందులో నిజంగా కొట్టుకున్నవాడు వెంకటప్పయ్య ఒక్కడే. మిగతా ఏడుగురం కబుర్లరాయుళ్లం. ఆయన తెచ్చిన ఆఖరి సంచిక నా దగ్గరే మిగిలింది. నిరుడు ఆయన పోయాడని తెలిశాక గానీ దాన్ని పెట్టెలోంచి తీయడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆయనది పామర్రులో నేతగాళ్ల ఇల్లు. భార్య పోయాక మగ్గం తమ్ముడికి వదిలేసి వచ్చి, వన్ టౌన్లో ఒక బట్టల కొట్లో గజంబద్ద పట్టుకున్నాడు. గోడౌను మీద ఒంటిగది. యుద్ధం రోజులు. రైళ్లలో సోల్జర్లు వదిలేసిన ఇంగ్లీషు కథల పత్రికలు చిత్తుకాగితాలుగా కొట్టుకు వచ్చేవి. బట్టలు చుట్టడానికి చించేముందు ఆయన వాటిని ఏరుకునేవాడు. రాకెట్లు, ఎర్రటి ఎడారులు, మూడు కళ్ల మనుషులు. పక్కన నిఘంటువు పెట్టుకుని నెలకొక కథ చదివేవాడు. చదివింది చెప్పుకుందామంటే మాత్రం మనిషి లేడు. కొట్లో ఆ ఊసెత్తితే, “అంగారకుడి మీద ఆడవాళ్లు ఎన్ని గజాల చీర కడతారో కనుక్కోవయ్యా” అని వేళాకోళం.

అందుకని మమ్మల్ని ఏడుగురిని పోగేసి లిఖిత పత్రిక మొదలుపెట్టాడు. అచ్చు లేదు, చేత్తో రాసిన ప్రతి ఒక్కటే. ఒక్కొక్కరు మూడేసి రోజులు ఉంచుకుని, చివరి పేజీలో అభిప్రాయం రాసి, జాబితాలో తర్వాతివాళ్లకు అందించాలి. గుణదలలో కాంపౌండరు శౌరయ్య మొదటివాడు. ఆఖరివాణ్ణి నేను, బడిపంతుల్ని.

ఆ యేడు డిసెంబరు అయిదు, ఆదివారం, సూర్యుడు ఇటు కుంకగానే అంగారకుడు అటు తూర్పున లేస్తాడని ఆయన ఎక్కడో చదివాడు. సంచిక మొత్తం అంగారకుడికే ఇచ్చాడు. పద్నాలుగో పేజీలో, తను రాసిన కథ నడుమ, ఒక పిలుపు పెట్టాడు: “ఇక్కడిదాకా చదివినవారు ఆదివారం పొద్దుగూకే వేళకు కృష్ణ ఒడ్డుకు, ఆనకట్ట దిగువకు రండి. కలిసి చూద్దాం.” నోటితో పిలిస్తే మొహమాటానికి వస్తారని ఆయన భయం. కథ నచ్చి వచ్చే మనిషి ఒక్కడైనా కావాలని ఆశ.

అప్పట్లో కాగితానికి కటకట. దొరికింది ఉల్లిపొర లాంటిది, రాస్తే సిరా అవతలికి పాకేది. నేతగాడి బుర్ర కదా, పడుగు దారానికి పెట్టినట్టే కాగితాలకు గంజి పెట్టాడు. సిరా నిలిచింది. ఇంతలో ముసురు పట్టింది. చెమ్మకు మళ్లీ మెత్తబడ్డ నడిమి కాగితాలు పూర్తిగా ఆరకముందే కుట్టి, రాత్రి బట్టల బేలు కింద అణిచి, తెల్లవారి శౌరయ్యకు ఇచ్చేశాడు.

ఆదివారం ఎనిమిదిమందికి సరిపడా వేరుశనక్కాయలు కొనుక్కుని ఒడ్డుకు వెళ్లాడట. అంగారకుడు వచ్చాడు. మేమెవరం రాలేదు.

సోమవారం పొద్దున సంచిక కోసం మా ఇంటికి వచ్చాడు. అది నా దగ్గరకొచ్చి మూడు రోజులైంది. నేను బొమ్మలు చూసి, పైవాళ్ల పొగడ్తలు చదివి, వాటి కింద “అమోఘం” అని సంతకం పెట్టి ఉన్నాను.

“చదివారాండీ మాస్టారూ?”

“మొదట్నించీ చివరిదాకా చదివానండీ.”

“పద్నాలుగో పేజీ?”

“సంచిక మొత్తానికి అదే ప్రాణమండీ” అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉంటేగా.

ఆయన మొహం వాడిపోయింది. “మరి నిన్న రాలేదేమండీ?”

“ఎక్కడికండీ?”

ఆయన నా చేతిలోంచి సంచిక తీసుకుని విప్పాడు. పన్నెండు నుంచి పదిహేడు దాకా పేజీలన్నీ ఒకే అట్టలా అతుక్కుపోయి ఉన్నాయి. అంచున గోటితో గీరాడు, ఊడిరాలేదు.

“అంగారకుణ్ణి చూద్దాం, కృష్ణ ఒడ్డుకు రమ్మని ఇందులోనే పిలిచాను. గంజి ఎక్కువ పెట్టానండీ. మీరు మాత్రం ఏం చేస్తారు?” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం చూశాను. పిలుపు చూసి కూడా మానేసినవాళ్లు లేరన్న సంతోషం.

తర్వాత చివరి పేజీ తిప్పాడు. ఏడు అభిప్రాయాలు. “ఒక్క అక్షరం వదల్లేదు” అని శౌరయ్య రాశాడు. పేజీలు అతుక్కున్నాయని ఒక్కడంటే ఒక్కడూ రాయలేదు. ఆయన ఏడూ నిదానంగా చదివాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఇవాళ వెళదామండీ. బడి వదలగానే వస్తాను. ఇవాళ కూడా కనిపిస్తాడుగా” అన్నాను.

ఆయన సంచిక మూసి నా చేతిలోనే పెట్టాడు.

“ఎందుకులెండి మాస్టారూ. నేను పిలిచింది చదివినవాళ్లని కదండీ.”