గీత పక్కన గుండ్రం

నా చేతి వంటను మా ఆయన ఒక్కసారే మనసారా మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు దక్కకుండా ఒక సున్నా అడ్డుపడింది. చెబుతాను, మీరు నవ్వుకోండి.

అప్పుడు మాకు కొత్తగా పెళ్ళయింది. ఆయనకు బోధన్ దగ్గర చక్కెర మిల్లులో పని. మిల్లు క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసిన బెల్లం దిమ్మల్లా ఉండేవి. మాది పదిహేనో నంబరు. నాకు బడి చదువు లేదు గానీ, మా బాపు నేర్పిన ఉర్దూ అంకెలు వచ్చు. ఒక గీత, పక్కన గుండ్రం ఉంటే పదిహేను. గుండ్రమంటే ఐదు, సున్నా అయితే ఉత్త చుక్క. ఆ గుర్తుతోనే మా ఇల్లు పట్టేదాన్ని.

నేనేం వండినా "మా అవ్వ జేస్తే గిట్లుండదు" అని ఆయన కంచం జరిపేవాడు. అందుకే తల్లిగారింటికి పోయి, పుంటికూర పప్పు నేర్చుకుని, కూర కట్టతో సహా తిరిగొచ్చాను. వచ్చేసరికి గోడలకు కొత్తగా వెల్ల వేసి, కొత్త నంబర్లు రాశారు. అయినా గీత, గుండ్రం ఉండనే ఉన్నాయి. గొళ్ళెం తీసి లోపలికి పోయాను. గిన్నెలన్నీ మారిపోయి ఉంటే అత్తగారు వచ్చి సర్దిపోయిందనుకున్నాను. డబ్బా నిండా కందిపప్పు చూసి, మా ఆయనకు ఇంత తెలివి ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను.

పప్పు ఘుమఘుమలాడే వేళకు బిందెతో ఒక ముసలవ్వ లోపలికొచ్చింది. ఆ పొద్దున్నే మెండోర నుంచి కొడుకు దగ్గరికి వచ్చిందట.

"ఇది పదో నంబరు గాదా బిడ్డా?"

బయటికి తీసుకుపోయి, పంతులమ్మలా గోడ మీద వేలు పెట్టాను. "గీత, గుండ్రం. పదిహేను. పదైతే సుక్క ఉండాలె గద అవ్వా."

"అవు బిడ్డా. మా ముసలాయన గూడ గట్లనే రాసేటోడు."

తన ఇంటి ముందే నాకు క్షమాపణ చెప్పుకుని, చుక్క వెతుక్కుంటూ పోయింది. పాపం, ఏ గోడ మీదా చుక్క లేదు. చివరికి డ్యూటీ దిగి వస్తున్న ఒకతను దారి చూపిస్తానని వెంట వచ్చాడు. ఆ ఒకతను మా ఆయనే.

"గిదే పదో నంబరు" అంటూ తలుపు తోసి, నన్ను చూసి గడపలోనే ఆగిపోయాడు. "నువ్వు ఈడేం జేస్తున్నవ్?"

"మనింట్ల కూసున్న."

కొత్త నంబర్లు ఇంగ్లీషులో వేశారని ఆయన చెప్పాడు. ఇంగ్లీషులో సున్నాయే గుండ్రమట. దూరిపోదామని నేల వంక చూశాను. కొత్తగా అలికారు, ఎక్కడా సందు లేదు.

అవ్వ మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి వడ్డించింది. ఆయన మళ్ళీ మళ్ళీ పప్పు వేయించుకుని, కంచం తుడిచినట్టు తిని, అవ్వతో అన్నాడు: "నీ చేతిల ఏమున్నదో గని అవ్వా, గిసొంటి పప్పు నేను తినలే. మా దానికి జర నేర్పరాదు?"

నాదే అన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే పరాయి కందిపప్పును పరాయి పొయ్యి మీద వండానని తేలుతుంది. మింగేశాను. అవ్వ నా వంక చూసి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రేపటి సంది పంపు కొడుకా. నేర్పిస్త."

నా పప్పు నేర్చుకోవడానికి మర్నాటి నుంచి నేనే పదో నంబరుకు పోయాను. అప్పుడే పొయ్యి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక మీదట నిప్పు ముట్టించే ముందు గోడ మీది అంకెను కాదు, లోపలున్న మనిషిని అడుగుతానని. ఇప్పటికీ మా ఇంట్లో కూడా అడిగే ముట్టిస్తాను.