మా గుమ్మానికి కెమెరా కలిపిన బాబాయి

పక్కింటి బాబాయి పోయారని పోయిన వారం నేను కాలేజీలో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది పిన్ని. “మీ బాబాయి ఇక లేడమ్మా,” అంది. ఉదయం కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. నేను ఫోన్ పెట్టేసి క్లాసుకు వెళ్ళాను. గంట కొట్టేదాకా పాఠం చెప్పాను. ఆ తర్వాతే బయలుదేరాను. ఎనిమిది నెలలుగా ఆయనకూ నాకూ మాటల్లేవు. ఎందుకు లేవో చెప్పకుండా మంచి మాత్రమే రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

బాబాయి టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. భర్త నుంచి విడిపోయి నేను నరసరావుపేటలో ఈ ఇంట్లో అద్దెకు దిగిన రోజు, పిలవకుండానే నిచ్చెన మోసుకొచ్చి ఫ్యాన్లు బిగించారు. ఒంటరిగా ఎందుకుంటున్నావని మా వీధిలో అడగని మనిషి ఆయనొక్కరే. ఏ వైరు ముట్టుకోవాలన్నా ముందు చేతి గడియారం విప్పి పిన్నికి ఇచ్చేవారు. పని చేస్తూ పాత కబుర్లు చెప్పేవారు.

“ఊరందరి మాటలూ నా చేతుల్లోంచే పోయినయ్యమ్మాయ్. స్తంభమెక్కి ఫోను తగిలిస్తే ఎవరేం మాట్లాడేదీ వినపడుద్ది. ఒక్కనాడు వినలా. తీగ కలిపేవాడు కలిపి దిగిపోవాల, అంతే.”

ఆ మాట నమ్మబట్టే మా ఇంటి తాళంచెవి ఒకటి వాళ్ళింట్లో ఉంచాను.

నిరుడు మా ఇంటికి స్మార్ట్ హోమ్ సిస్టమ్ పెట్టించుకున్నాను. గేటు లైటు, తలుపు తాళం, కాలింగ్ బెల్ అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. గుమ్మం మీద ఉన్న పాత కెమెరా మాత్రం రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ‘ఈ కెమెరాకు సపోర్ట్ లేదు’ అనే వచ్చేది. షాపువాళ్ళు పీకేసి కొత్తది కొనుక్కోమన్నారు. నాకు మనసొప్పలేదు. విడిపోయాక నా అంతట నేను కొనుక్కున్న మొదటి వస్తువది.

“పారేయటమెందుకమ్మాయ్? కన్ను బాగానే ఉందిగా,” అన్నారు బాబాయి.

ఆ వయసులో కళ్ళజోడు సవరించుకుంటూ వీడియోలు చూసి, నోటుబుక్కులో రాసుకుని, రెండు వారాలు దానితో కుస్తీ పట్టారు. చివరికి తేల్చారు. “నీ కెమెరా చెప్పేది ఆ కొత్తదానికి అర్థం కావట్లా. మధ్యలో దుబాసీ ఒకటుండాల.” ఆ దుబాసీ ఆయన పాత కంప్యూటరు. కెమెరా పంపే బొమ్మను అది తీసుకుని, సిస్టమ్‌కు తెలిసే పద్ధతిలోకి మార్చి ఇస్తుంది. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు కాబట్టి దాన్ని వాళ్ళింట్లోనే పెట్టి, గోడ మీదుగా కేబుల్ లాగారు. నా ఫోన్‌లో మా గేటు కనపడగానే పరుగున వెళ్ళి గేటు ముందు నిలబడి చెయ్యూపారు. “కనపడతన్నానా?” అని కేకేశారు. నేను చానాళ్ళకు గట్టిగా నవ్వాను.

కొన్ని నెలలకు క్రోసూరు దగ్గర మా ఊరి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు.

“ఏమే, తెల్ల కారేసుకుని మీ ఇంటికొస్తన్నాడే, ఎవడు వాడు?”

“నీకెవరు చెప్పారు?”

“ఒకళ్ళు చెప్పేదేంది? నా ఫోన్‌లో కనపడతానే ఉందిగా.”

ఆ వచ్చేది మా కాలేజీలో పనిచేసే లెక్చరర్. మేం పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. ఆ సంగతి అప్పటికింకా ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య ఇద్దరిని వెంటేసుకుని ఆయనింటికి వెళ్ళాడు. ఏమన్నారో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చిలకలూరిపేటకు ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని వెళ్ళిపోయారు. చివరిసారి ఫోన్‌లో ఒకటే అడిగారు, “నన్ను ఎవరు చూస్తున్నారో తెలియని గుమ్మానికి ఎలా రమ్మంటారు?”

నేను పక్కింటికి వెళ్ళాను. బాబాయి టేబుల్ ఫ్యాన్ విప్పి తుడుస్తున్నారు.

“మా గుమ్మం అన్నయ్య ఫోన్‌లో ఎట్లా కనపడుతోంది బాబాయ్?”

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. బుకాయించలేదు. “మీ అన్నొచ్చి అడిగాడమ్మా. ఆడపిల్ల ఒక్కతే ఉంటది, కాస్త కనిపెట్టుకుని ఉంటానన్నాడు. కాదనలేక నా కంప్యూటర్లోంచి వాడి ఫోనుకూ కలిపా.”

“నన్నడగాలని తోచలేదా?”

“తోచింది. అడిగితే నువ్వు వద్దంటావని అడగలా.”

“ఊరందరి ఫోన్లూ చేతిలో ఉన్నా ఒక్కనాడూ వినలేదన్నారుగా!”

“ఇప్పుడూ నేను చూళ్ళేదమ్మా.”

“మీరు చూళ్ళేదు బాబాయ్. చూపించారు.”

ఆయన తల దించుకున్నారు. నేను నా తాళంచెవి తీసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే కేబుల్ ఊడదీసి, కంప్యూటర్ తెచ్చి మా మెట్టు మీద పెట్టారు. దాని మీద నాలుగు కాగితాలు. కెమెరాను నా అంతట నేనే ఎలా కలుపుకోవాలో గుండ్రటి అక్షరాలతో వరసగా రాశారు. అడుగున, “పాస్‌వర్డులన్నీ నువ్వే మార్చుకో. నాక్కూడా చెప్పొద్దు,” అని ఉంది. రెండు రోజులు కూర్చుని కలుపుకున్నాను. ఇప్పుడు మా గుమ్మం నా ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆయన అంత ఓపిగ్గా రాయకపోతే నాకది వచ్చేది కాదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ రుణం తలుచుకున్నా కోపమే వస్తుంది.

ఆయన్ని సాగనంపేటప్పుడు అన్నయ్య వచ్చి పాడె మోశాడు. నన్ను చూసి, “ఇంకా కోపమేనటే?” అన్నాడు. నేను వెళ్ళి పిన్ని పక్కన కూర్చున్నాను. పిన్ని నా చెయ్యి వదల్లేదు. “నీతో మాట్లాడాలని రోజూ అనుకునేవాడమ్మా. ఏమని మాట్లాడాలే అని మళ్ళా తనే ఆగిపొయ్యేవాడు,” అంది.

ఆయన్ని క్షమించానని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను. చెడ్డమనిషి చేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఇంటికొచ్చి కెమెరా రికార్డింగు తెరిచాను. వారం రోజులవి ఉంటాయి. రోజూ ఉదయం ఆయన పేపరుకు మా గేటు ముందు నుంచే వెళ్ళాలి. ఒక్కసారన్నా కనపడతారేమోనని వెతికాను. ఏ రోజూ లేరు. మళ్ళీ నిదానంగా చూశాను. మా గేటు రాకముందే ఆయన రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయేవారు. కెమెరాకు అందకుండా, మురుగుకాలవ గట్టు మీద నడిచేవారు. బొమ్మ పైఅంచున ఆయన పాదాలు మాత్రం కనపడుతున్నాయి. పోయిన రోజు ఉదయం కూడా, రబ్బరు చెప్పులేసుకున్న ఆ పాదాలు పడిపోకుండా ఒకదాని ముందు ఒకటి జాగ్రత్తగా వేసుకుంటూ, మా గేటుకు ఎదురుగా ఒక్క క్షణం ఆగి, ముందుకు కదిలాయి.