హోస్నియా నాకిచ్చిన బిడ్డ

మా పమెకాసన్ ఊరి బజారులో హోస్నియాకున్నంత నిలకడైన చెయ్యి ఇంకొకరికి లేదు. బాతిక్ గుడ్డ మీద వేడి మైనంతో గీత గీస్తే చీమల బారు తీరినట్టు ఉండేది. మాట మాత్రం తక్కువ. ఎవరు పలకరించినా "ఊఁ" అనేది, అంతే. పక్క గుమ్మంలో పళ్లముక్కలకి రొయ్యల ముద్ద పట్టించి రుజక్ అమ్ముకునే నేనేమో వాగుడుకాయని. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

పెళ్లయిన చాన్నాళ్లకి ఆమె కడుపు పండింది. తలనొప్పి, వాంతులు మొదలైతే వేవిళ్లన్నారు. వేవిళ్లు తగ్గాల్సిన వేళకి ఇవి ఇంకా ముదిరాయి. అత్తగారు సతూనా ఒంట్లోకి చలిగాలి చేరిందని తేల్చేసి, నూనె రాసి నాణెంతో వీపంతా గీకింది. ఎర్రటి చారలు తేలితే గాలి పోయినట్టే కదా మా వాళ్ల లెక్క! హోస్నియాకీ అదే నమ్మకం. మర్నాటి నుంచి తనే వీపు తిప్పి కూర్చునేది. ఈలోగా గుడ్డ మీద గీతలు వంకరపోయాయి. ఒకరోజు ఎడమ పక్కనున్న మైనం మూకుడు కనబడక అందులో చెయ్యి పెట్టేసింది. అప్పుడుగానీ ఆమె భర్త సహ్రావి సురబాయ పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లలేదు.

మెదడులో గడ్డ. చాలా అరుదట, కడుపుతో ఉంటే ఇంకా ఉబ్బుతుందట. కాన్పుదాకా ఆగితే చూపు పోతుంది, ప్రాణమూ దక్కకపోవచ్చు. బిడ్డ లోపల ఉండగానే తల తెరవాలి. డాక్టరమ్మ ఏమీ దాచలేదు. ఇద్దరినీ కాపాడాలనే చూస్తాం, తప్పనిసరైతే ముందు తల్లినే అంది. సహ్రావి అక్కడే కూలబడి ఏడ్చాడు. హోస్నియా సరేనని, తిరుగు బస్సు ఎప్పుడని అడిగింది.

అప్పుడు సతూనా పాత పద్ధతి ఒకటి బయటికి తీసింది. తల్లి గ్రహచారం బాగోకపోతే బిడ్డని ఇంకొకరికి ఇచ్చేసినట్టు చెప్పాలి. గండం గడిచాక తల్లే వాళ్ల గుమ్మం ముందుకొచ్చి, నోరు తెరిచి అడిగి, కాసిని బియ్యమిచ్చి తీసుకోవాలి. పిల్లల్లేని నా గుమ్మం పక్కనే ఉందాయె. హోస్నియా నా చేతిని తన పొట్ట మీద పెట్టుకుంది.

"ఇది నీదక్కా. నేను బతికినా చచ్చినా ఇంక నా లెక్కలో లేదు."

ఆ మాట అని, ముందున్న రుజక్ తినేసింది.

ఆపరేషన్ గట్టెక్కింది. లోపల బిడ్డ గుండె ఆగలేదు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. తల్లి పిల్ల వైపు తిరగనైనా తిరగలేదు. పద్ధతి ప్రకారం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. డబ్బా పాలు, జోలపాట, ఉచ్చగుడ్డలు, అన్నీ నావే. నిజం చెప్పొద్దూ, నాకు పండగలాగే ఉంది. వెళ్లి అడగవే అని సతూనా కోడల్ని పోరుతుంటే, ఈ ముసలిదాని నోరు పడిపోనూ అనుకునేదాన్ని.

వారం తిరక్కుండానే ఒక ఉదయం హోస్నియా వచ్చి గుమ్మం ముందు నిలబడింది. చేతిలో బియ్యం గిన్నె. జాకెట్టు ముందంతా తడిసి ఉంది.

"ఇది ఎవరి బిడ్డక్కా?" అంది. పద్ధతిలో మొదటి మాట అది.

"నా బిడ్డే," అన్నాను. అదీ పద్ధతి మాటే. నేను మాత్రం పద్ధతి కోసం అనలేదు.

ఇప్పుడు తను 'నాకివ్వు' అనాలి. అనకుండా బియ్యం గిన్నె అరుగు మీద పెట్టింది.

"ఆపరేషన్‌కి తల గొరిగిన రోజునే దీన్ని వదిలేసుకున్నానక్కా. ఇప్పుడు చూస్తే ఏమీ అనిపించట్లేదు. ప్రేమా లేదు, భయమూ లేదు. గోడవతల ఇది ఏడిస్తే పాలు మాత్రం కారుతున్నాయి. నా దగ్గర అంతే ఉంది. చాలుతుందా?"

పిల్లని చేతికిచ్చేశాను. అరుగు మీద కూర్చుని, గోడ వైపు చూస్తూ పాలిచ్చింది. పిల్ల కళ్లు మూసుకుని ఆబగా తాగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు.