కదలని చెరుకు బండ్లు

మాది నిజామాబాద్ టౌన్. నాకు తెలిసిన చెరుకు గాజు గ్లాసులో, అల్లం నిమ్మకాయ కలుపుకొని వచ్చేది. అది ముందు పొలంలో నిలబడి ఉంటుందన్న సంగతి, పెళ్లయి, పాప పుట్టి, బోధన్‌లో ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద ఇల్లు అద్దెకు తీసుకునేదాకా నా మనసుకు పట్టలేదు. ఎనభైల నడిమి కాలం. మా ఆయన పొద్దున రైలెక్కి నిజామాబాద్‌లో ఆఫీసుకు వెళ్లేవారు, పొద్దుగూకినాక వచ్చేవారు. "నిజామాబాద్ పిల్లను తెచ్చి బోధన్‌ల పెట్టి, తను నిజామాబాద్ పోతడు. ఇదేం సంసారమే" అని మా అక్క నవ్వేది. నేను కిటికీ దగ్గర కుట్టుమిషన్ పెట్టుకొని ఊళ్లోవాళ్ల రవికలు కుట్టేదాన్ని. చేతులు రవిక మీద, కళ్లు రోడ్డు మీద. అందుకే నేను కుట్టిన రవికల చేతులు కొంచెం వంకరగా ఉండేవని కొందరు అనేవాళ్లు. వాళ్ల చేతులే వంకరేమో అని నేను అనుకునేదాన్ని, పైకి అనేదాన్ని కాదు.

భయం నాకు పుట్టింటివాళ్లు పెట్టిన సారె. తక్కిన సారె అంతా ఏదో ఒకనాటికి అయిపోయింది, ఇది మాత్రం తరగలేదు. కుక్కలంటే భయం, లారీలంటే భయం, మూత లేని బావులంటే భయం, పాప నోట్లో రేగిగింజ ఉంటే భయం, నోట్లో ఏమీ లేకుండా ఊరికే కూర్చున్నా జ్వరమేమోనని భయం. ధైర్యం చెప్పేవాళ్లకు కొదవ లేదు. చెప్పి లేచి వెళ్లిపోయేవాళ్లు, పోతూ పోతూ ఆ ధైర్యాన్ని కూడా వెంట తీసుకుపోయేవాళ్లు. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, అందరికీ ఖాలా, అంటే పిన్ని. "తాయత్తు నీ బిడ్డకు గాదు బేటీ, నీకు కట్టాలె. బిడ్డ మంచిగనే ఉన్నది" అనేది.

చలి మొదలై ఫ్యాక్టరీ నడవడం మొదలైతే మా రోడ్డు రోడ్డులా ఉండేది కాదు. వర్ని నుంచి, చందూర్ నుంచి, ఇంకా పేరు తెలియని ఊళ్ల నుంచి ఎడ్లబండ్లు చెరుకు వేసుకొని వచ్చి వరుస కట్టేవి. వరుస ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై మా ఇల్లు దాటి ఎటో పోయేది. తమ వంతు రావడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. అందాకా బండివాళ్లు ఎడ్లను విప్పి, చెరుకు ఆకు వేసి, రోడ్డు పక్కనే మూడు రాళ్లు పెట్టి జొన్న రొట్టెలు చేసుకునేవాళ్లు. ఆ బండ్ల దగ్గర ఒక మర్యాద ఉండేది. వెనక నుంచి చెరుకు గడ గుంజితే తిడతారు. ఎదురుగా వచ్చి నిలబడితే మాత్రం వట్టి చేతులతో పంపరు. అడగకపోయినా ఒక గడ తీసి చేతిలో పెడతారు. ఆడమనిషి అయితే రెండు.

మా పాపకు అప్పుడు ఐదేళ్లు దాటాయి. ఆ వరుస దాని బడి అయింది. రోజూ ఏదో ఒకటి నేర్చుకొని వచ్చి నాకు చెప్పేది. ఎద్దు నాలుక కొబ్బరికోరు లెక్క ఉంటుందట. ఎద్దు నిలబడే కునుకు తీస్తుందట. చెరుకు కొస చప్పగా, మొదలు తియ్యగా ఉంటుందట. చెరుకును పళ్లతో చీల్చడం నాకు చేతకాదని తెలిసి, నా ముందు కూర్చొని చూపించింది. నేను కొరికితే చెరుకుకు ఏమీ కాలేదు, నా పన్ను కదిలింది. "అమ్మా, పండ్లు ఊడేది నాకు గద" అని అది చాలాసేపు నవ్వింది. దాని నవ్వు చూస్తూ నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆ పిప్పి గొంతుకు అడ్డం పడితేనో అనుకున్నాను.

పాపను ఇంట్లో కట్టేయలేను కాబట్టి ఒక నియమం కట్టాను. ఎడ్లు కట్టిన బండి దగ్గరికి పోవద్దు. ఎడ్లు విప్పిన బండి అయితే ఎక్కొచ్చు. విప్పిన బండి ఎక్కడికి పోతుంది? వీధిలో తల్లులందరిదీ అదే లెక్క. ఖాలా కూడా తల ఊపింది. ఆమె తల ఊపడం అంటే మా వీధికి అది చట్టం కిందే లెక్క.

ఆ వారం ఫ్యాక్టరీలో ఏదో మిషన్ ఆగింది. వరుస కదలలేదు. బండివాళ్లు విసిగిపోయి, ఎడ్లను చెట్ల కింద కట్టేసి, బజార్లో చాయ్ దుకాణాల దగ్గర కూర్చున్నారు. బండ్లు ఇళ్లలాగా నిలబడిపోయాయి. మధ్యాహ్నం తిన్నాక పాప బయటికి పోయింది. కిటికీలో నుంచి చూస్తే మా గుమ్మం ఎదురుగా ఉన్న బండి మీదికి ఎక్కుతూ కనిపించింది. ఎడ్లు లేవు. నిశ్చింతగా మిషన్ మీదికి వంగాను. ఆ బోధన్‌లో నేను నిశ్చింతగా కూర్చున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

పొద్దు వంగాక ఫ్యాక్టరీ కూత వేసింది. బజారు నుంచి ఎవరో అరుచుకుంటూ వచ్చారు. "నడుస్తున్నది, గేటు తీసిండ్రు." ఒక్కసారిగా రోడ్డంతా గజ్జెల చప్పుడు. మనుషులు ఎడ్లను లాక్కొచ్చి కాడికి కడుతున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఆ సందడి చూడడానికి పాప గుమ్మంలోకి వచ్చే ఉంటుందని లేచాను. గుమ్మంలో లేదు. ఎదురుగా బండి ఉంది, కానీ అది మధ్యాహ్నం ఉన్న బండి కాదు. ఆ బండి ముందుకు పోయి, దాని జాగాలోకి ఇంకోటి వచ్చింది. అదీ కదులుతోంది.

ఖాలా గోడ మీది నుంచి అడిగింది, "ఏమైంది బేటీ, మొఖం గట్లున్నది?"

"పాప కనబడతలేదు ఖాలా. బండెక్కింది."

ఖాలా ఫికర్ చెయ్యకు అంటుందనుకున్నాను. అనలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి దిగి, "నువ్వు గేటు దిక్కు ఉర్కు. నేను ఇటు దిక్కు సూస్త" అంది. రోజూ నన్ను చూసి నవ్విన మనిషి ఆరోజు నవ్వలేదు.

అంతకుముందు ఒకసారి ఫ్యాక్టరీ కంచె బయట నిలబడి లోపల జరిగేది చూసి ఉన్నాను. బండి ఆగగానే చెరుకు మోపు కింద నుంచి గొలుసులు చుట్టి, క్రేన్ కొక్కేనికి తగిలిస్తారు. క్రేన్ మోపు మొత్తాన్ని ఒక్కసారే గాల్లోకి లేపి, కదిలే పట్టీ మీద పడేస్తుంది. పట్టీ దాన్ని కత్తుల దగ్గరికి తీసుకుపోతుంది. ఇంకేమీ ఆలోచించకుండా పరుగెత్తాను. ఆలోచించడానికి ఇంకేమీ లేదు కూడా.

ప్రతి బండి దగ్గర ఆగి పైకి చూడాలి. బండి ఎత్తు, నేను పొట్టి. "అన్నా, పాప ఉందా పైన?" అని అడిగితే మొదటి బండి అతను గడ ఒకటి లాగి నా చేతుల్లో పెట్టాడు. "పాపకా? తీస్కపో అమ్మా, మెత్తటిది."

"చెరుకు గాదన్నా, నా బిడ్డ, బండి మీద ఉన్నది."

"ఉంటది తియ్యమ్మా. పోరగాండ్లందరు బండ్ల మీదనే ఉంటరు." ఇంకో గడ ఇచ్చాడు.

తర్వాతి బండి అతను నేను నోరు తెరవకముందే ఇచ్చాడు. ఆ తర్వాత ఒకాయన, "ఏందమ్మా గట్ల ఉర్కుతున్నవ్, రేపు గూడ ఉంటది చెరుకు" అని నవ్వుతూ ఇచ్చాడు. ఎక్కడైనా మంచి మనుషులు దొరికితే దేవుడికి దండం పెట్టేదాన్ని. ఆరోజు ఒక్క చెడ్డవాడు తగిలితే బాగుండు, నేను చెప్పేది వింటాడేమో అనిపించింది. ఇచ్చినవి కింద పారేయాలన్న తెలివి కూడా లేదు. నా తెలివి నాకంటే ముందే గేటు దగ్గరికి ఉరికింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి చేతుల నిండా చెరుకు. కాపలా అతను కట్టె అడ్డం పెట్టాడు. "ఆగమ్మా. లోపటికి బండ్లకే, మనుషులకు లేదు. గింత చెరుకు ఏడికెల్లి గుంజినవ్?"

"నా బిడ్డ" అన్నాను. ఊపిరి అంతవరకే వచ్చింది.

"అందరు బిడ్డల కోసమే గుంజుతరు."

చెరుకంతా ఆయన కాళ్ల దగ్గర వదిలేశాను. "బిడ్డ బండి మీద ఎక్కింది. నిద్రపోయిందేమో. ఏ బండో తెల్వదు."

ఆయన కట్టె దించాడు. లోపలికి తిరిగి, క్రేన్ దిక్కు చూస్తూ విజిల్ ఊదాడు. ఆ రొదలో విజిల్ ఆయనకే వినిపించి ఉండదు. నాకంటే ముందు పరుగెడుతూ అడిగాడు, "ఏం రంగు గౌను?"

ఆ గౌను కుట్టింది నేనే. ఊళ్లోవాళ్ల రవికల్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టాను. ఎరుపు, పచ్చ, నీలం, కనకాంబరం, ఏది లేదని చెప్పను? "అన్ని రంగులూ" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి మళ్లీ పరుగెత్తాడు.

తల ఎత్తితే క్రేన్ ఒక మోపును అప్పుడే లేపింది. మోపు గాల్లో మెల్లగా తిరుగుతోంది. దాని చివర ఎర్ర గుడ్డ ఒకటి వేలాడుతూ ఊగుతోంది.  మోపు ఇంకా తిరిగాక తెలిసింది, అది పొడుగు గడల కొసకు కట్టిన గుర్తు గుడ్డ. ఆ తర్వాతి బండికి పసుపు గుడ్డ. దాని పక్క బండి మీద పచ్చ తువ్వాల. లోకంలో ఉన్న రంగులన్నీ మా పాప గౌనువే.

అప్పుడు వరుసలో ఒకచోట గొడవ వినిపించింది. ఒక బండి కదలకుండా దారికి అడ్డంగా ఆగింది. వెనకవాళ్లు అరుస్తున్నారు, "ఓ పెద్దాయనా, పొద్దు పోయింది, జరుగరాదు." ఆ బండి ముందు ఒక ముసలాయన నేల మీద కూర్చొని ఉన్నాడు. బండి తొట్టి మీద కాళ్లు వేలాడేసుకొని, అన్ని రంగుల గౌనులో మా పాప చెరుకు నములుతోంది.

పోయి పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, "అమ్మా, ఊపిరాడతలేదు" అంది.

ముసలాయన లేవలేదు. నన్ను చూసి చేతులు జోడించాడు. "గొలుసు ఏసే ముందట మోపు మీద కట్టెతోని కొడతమమ్మా, పాములుంటయని. చాయ్ తాగబోయినప్పుడు నా గొంగడి పైన ఏసి పోయిన. దాని కింద పండుకున్నదని నాకేం ఎరుక? కొట్టిన. గొంగడి లేసింది. పామనుకున్న, పాపాయె." కట్టె ఎక్కడ తగిలిందో చూపించాడు. పాప పడుకున్నదానికి జానెడు పక్కన. "గీ వయసుల నాకు గీ భయమేందమ్మా" అన్నాడు.

నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. నా అంత భయపడిన మనిషిని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.  పాప మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నేనేదో అంటానని ముందే చెప్పుకొంది, "నువ్వు చెప్పినట్లే, ఎడ్లు ఇప్పినంకనే ఎక్కిన."

 అది నేను చెప్పిన మాట విన్నది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వెనకవాళ్లు బాగా అరిచాక ముసలాయన లేచాడు. చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, మోపంతా మళ్లీ చేత్తో తడిమాడు. దిగి, "ఇంకెవరు ఎక్కలే గద బిడ్డా?" అన్నాడు. పాప లేదంది. నమ్మక మళ్లీ ఎక్కాడు. కాపలా అతను కూడా ఎక్కి చూశాడు. ఆ తర్వాతే గొలుసులు వేశారు.

ఇంటికి పోదామంటే పాప కదలలేదు. క్రేన్ చూడాలంది. కొక్కెం దిగింది, గొలుసులు బిగిశాయి, మోపు లేచింది. మధ్యలో పాప పడుకున్న గుంట సగం మూసుకుపోయి, ఇంకా కనిపిస్తూనే ఉంది. మోపు మా తలల మీదుగా తిరిగింది.

"అమ్మా, నా జాగా పోతున్నది సూడు" అని పాప చప్పట్లు కొట్టింది.

చూశాను. మోపు పట్టీ మీద పడి, విరిగి, కత్తుల దాకా పోయేంతవరకు చూశాను. ముసలాయన మాత్రం చూడలేదు. ఎడ్ల వైపు తిరిగి, వాటి మెడలు నిమురుతూ నిలబడ్డాడు.